తిట్టే డాక్టరు, దాచిన పాదం

మా వైపు ఒక డాక్టరు మంచివాడా కాదా అన్నది ఆయన ఎంత బాగా తిడతాడన్న దాన్ని బట్టి తేలుతుంది. చదువు, మిషన్లు, గోడకు తగిలించిన పట్టాలు, ఇవన్నీ తర్వాతి సంగతి. "పోయినా, చూసినాడు, ఏమనలా, మందులు రాసిచ్చి పంపినాడు" అని ఎవరైనా అన్నారంటే ఆ డాక్టరు పని అయిపోయినట్టే. "వామ్మో, ఏం తిట్టినాడు మే! కళ్లల్లో నీళ్లు తిరిగినాయి" అన్నారంటే మర్నాటికి ఆ వీధి వీధంతా ఆయన వాకిట్లో ఉంటుంది. తిట్టాడంటే పట్టించుకున్నాడని అర్థం. పట్టించుకోనివాడికి అంత గొంతు చించుకోవాల్సిన ఖర్మేమిటి?

మా అమ్మ ఈ లెక్క ప్రకారమే గూడూరులో ఒక పెద్ద డాక్టరును ఎంచుకుంది. మా ఊరు కోట అనే ఊరికి దగ్గర. నాన్న పోయాక అమ్మ జాకెట్లు కుట్టి మమ్మల్ని పెంచింది. నాకు పెళ్లయి పక్క వీధిలోనే కాపురం ఉంటున్నాను కాబట్టి అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయే పని నాది. అమ్మకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఎన్నేళ్లని అడిగితే ఒకసారి ఒక లెక్క, ఇంకోసారి ఇంకో లెక్క చెబుతుంది. రెండూ తప్పే అయి ఉంటాయి.

ఆ డాక్టరుది మంచి గొంతు. తలుపు వేసి ఉన్నా లోపలి తిట్లు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లకు మాట మాట వినపడేవి. "అన్నం మానేయమంటే కుండ కూడా కడిగి తాగుతుండావా?" అని ఆయన అరిస్తే బయట అందరూ తలలు ఊపేవాళ్లు. తిట్లు తిన్న మనిషి మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చేటప్పుడు అందులో ఒక తృప్తి ఉండేది, ఇచ్చిన ఫీజుకు సరిపడా పుచ్చుకున్నానన్నట్టు. ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పాలి. డబ్బు మనిషీ కాడు. అనవసరమైన పరీక్షలు రాయడు. రోగులు మందులు మింగకపోతే ఆయనకు నిజంగానే బాధ. ఆ బాధ గొంతులోంచి వచ్చేది, అంతే.

అమ్మతో చిక్కేమిటంటే ఆమెకు తిట్టే డాక్టరే కావాలి, తిట్లు మాత్రం పక్కవాళ్లకు పడాలి. ఆమె జన్మలో ఎవరి చేతా మాట పడలేదు. కుట్టిన జాకెట్టు బిగుతైందని కూడా ఎవరినీ అననివ్వలేదు. అందుకని గూడూరు పోయే రోజు దగ్గర పడుతుందనగానే ఇంట్లో ఏర్పాట్లు మొదలయ్యేవి. వారం ముందు నుంచి అన్నం బందు. రాగి సంకటి, కాకరకాయ, మళ్లీ కాకరకాయ. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. అన్నాళ్లూ డబ్బాలో నిద్రపోయిన మాత్రలు ఆ వారం పూటకు రెండేసి లోపలికి పోయేవి. ముందు రాత్రి ఏమీ తినకుండా పడుకునేది. మర్నాడు పరగడుపున రక్తం ఇస్తే షుగర్ ఎంతో ఒద్దికగా వచ్చేది.

"చూడు, చూడు! మనిషంటే ఇట్టా ఉండాల!" అని డాక్టరు సంబరపడేవాడు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటి ఉంది కదా సార్, అది కూడా చేయిస్తామని ఒకసారి నేను అన్నాను. "ఎందుకమ్మా దండగ, ఈమెకు అవసరం లేదు" అన్నాడు. ఆయన మా డబ్బు ఆదా చేస్తున్నాడు. అమ్మ నావైపు చూసిన చూపు వేరే విషయం.

బయటికొచ్చాక నేరుగా బస్టాండు దగ్గర మిఠాయి అంగడికి. మలైకాజా, అదీ వేడిగా ఉన్నది. "వారం నుంచి నోరు కట్టుకోనుండా గదా" అనేది. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు. సాయంత్రానికి మాత్రల డబ్బా మళ్లీ బీరువా మీదికి ఎక్కేది.

ఇదంతా నాకు కొత్తేం కాదు. నేను పనిచేసేది రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో. రోజూ రైతులు సీసాల్లో నీళ్లు తెస్తారు. గుంటలో ఎక్కడ చెడిపోయిందో అక్కడి నీళ్లు తేవాలి, అంటే అడుగున, మేత పేరుకున్న మూలన. వాళ్లు తెచ్చేది కొత్తనీళ్లు వచ్చే తూము దగ్గరివి, తేటగా ఉన్నవి. అదేమంటే, "ఆ నీళ్లయితే రిపోర్టు చెడ్డగా వస్తాది గదక్కా" అంటారు. రిపోర్టు బాగా రావాలని వాళ్ల కోరిక. రొయ్యలు బాగుండాలన్నది కూడా వాళ్ల కోరికే. ఈ రెండింటికీ మధ్య ఏదో సంబంధం ఉండాలని నేను గొంతు పోయేలా చెబుతాను, వాళ్లు సరేనని తల ఊపి మర్నాడు మళ్లీ తూము దగ్గరి నీళ్లే తెస్తారు. మా అమ్మ కూడా అదే చేస్తోందని నాకు తెలుసు. అరిచేదాన్ని కూడా. కానీ రిపోర్టు బాగున్న మనిషిని ఎంతసేపని అరుస్తాం?

అమ్మ రిపోర్టులు బాగుండటం వల్ల మొదట వచ్చిన నష్టం, ఆమె పేరు మోగిపోవటం. డాక్టరు మిగతా రోగులను తిట్టేటప్పుడు అమ్మను లోపలికి పిలిచి చూపించడం మొదలుపెట్టాడు. "ఈమెను చూడండి. మీ వయసే. మిషను తొక్కుకుంటా బతుకుతాది. ఈమె తగ్గించుకోలా?" అమ్మ పైట సర్దుకుని నేల చూపులు చూసేది. బయట బెంచీ మీద ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి ఏం తింటావు, ఎప్పుడు తింటావు అని అడిగేవాళ్లు. అమ్మ కాకరకాయ గురించి చెప్పేది. మలైకాజా గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె అబద్ధమాడాల్సిన అవసరం రాలేదు.

రెండోది ఇంకా పెద్ద నష్టం. మేం క్రైస్తవులం. మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పుకుంటారు. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు నలుగురి ముందూ లేచి నిలబడి చెప్పాలి. ఒకరికి ఉద్యోగం వస్తుంది, ఒకరి బిడ్డకు జ్వరం తగ్గుతుంది, ఒకరి బోరులో నీళ్లు పడతాయి. ఒక ఆదివారం అమ్మ లేచి, "ప్రభువు నా షుగర్ వ్యాధిని అణచివేసినాడు. డాక్టరుగారే ఆశ్చర్యపోతుండారు" అని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేను మొదటి వరసలో కూర్చుని పాటల పుస్తకం తిరగేశాను.

ఆ రోజు నుంచి అమ్మకు షుగర్ పెరగడానికి వీల్లేకుండా పోయింది. పెరిగిందంటే దేవుడు ఇచ్చిన మేలును వెనక్కి తీసుకున్నట్టు. దేవుడి పరువు, డాక్టరు పరువు ఇద్దరిదీ ఆమె మీద పడింది. ఆమె ఆ బాధ్యతను సీరియస్‌గానే తీసుకుంది.

ఆ వేసవిలో అమ్మ మేజోళ్లు వేసుకోవడం మొదలుపెట్టింది. మా దగ్గర మే నెలలో చొక్కాలు కూడా బరువే. "ఏందమ్మా ఇది?" అంటే, "కాళ్లు పగుల్తుండాయి మే, నూనె పూసి కట్టుకున్నా" అంది. నమ్మాను. పాదాలు పగలడం కుట్టుపని చేసేవాళ్లకు మామూలే. మంచం మీద కూర్చునేటప్పుడు కూడా కుడికాలి కింద దుప్పటి పెట్టుకుంటోందని గమనించాను, కానీ దాన్ని దేనితోనూ కలపలేదు.

చివరికి నాకు తెలిసింది కంటితో కాదు, ముక్కుతో. గుంట అడుగు చెడిపోయినప్పుడు ఒక వాసన వస్తుంది. నల్లమట్టిని కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మా ల్యాబులో ఆ వాసన వచ్చిన సీసాను మూత తీసీ తీయకుండానే పక్కన పెడతాం, ఇక పరీక్ష అక్కర్లేదని. ఒకరోజు సాయంత్రం పనినుంచి వస్తూ అమ్మ దగ్గర ఆగాను. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. ఆ వాసన నా బట్టలకే అంటుకుందేమోనని ముందు నా చేతులు వాసన చూసుకున్నాను. తర్వాత మిషను కిందకు వంగాను.

మేజోడు ఊడదీయడానికి నేను ఆమెతో పెనుగులాడాల్సి వచ్చింది. పాదం అడుగున, వేళ్ల మొదట్లో, పుండు. దాని చుట్టూ పసుపు, నూనె, దాని కింద నలుపు. బొటనవేలు, పక్క వేలు వాచి రంగు మారిపోయాయి. నేను దూదితో తుడుస్తుంటే ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే మిషను సూది ముక్క, విరిగినది. ఎప్పుడు విరిగిందో, ఎప్పుడు తొక్కిందో ఆమెకు తెలియదు. అంత లోతున దిగినా ఆమె దానిమీదే మిషను తొక్కుతూ జాకెట్లు కుట్టింది.

"నొప్పి లేదు మే. నొప్పి ఉంటే నీకు చెప్పనా?" అంది.

షుగర్‌తో నరాలు చచ్చి నొప్పి తెలియకపోవడమే అసలు రోగమని ఆమెకు అర్థమయ్యేలా చెప్పే తీరిక నాకు లేదు. నేను అరిచాను. బాగా అరిచాను. పక్కింటివాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ వాళ్లను చూసి పాదం మీద చీర కప్పుకుని, "ఏం లేదులే, ముల్లు" అంది.

గూడూరు పోదామంటే ససేమిరా అంది. "ఏం మొహం పెట్టుకోని పోయేది? నన్ను జూపించి ఎందర్ని తిట్టినాడు ఆయన! ఇప్పుడు నేనే ఇట్టా పోతే ఆయన పరువేం గాను?" ఇంకో ఆసుపత్రికి పోదామన్నాను. అక్కడ అందరికీ తెలిసిపోతుంది, సంఘంలో తెలిసిపోతుంది, సాక్ష్యం చెప్పినదాన్ని అంది. కాలు పోతుందమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి ఒక ఒప్పందానికి వచ్చింది: "సరే పోదాం. కాకపోతే ఒక్క వారం ఆగు మే. కాకరకాయలు తెచ్చుకోని, కాస్త తగ్గించుకోని పోదాం."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే రెండూ వస్తాయి. అప్పుడు మాత్రం ఆటో పిలిచాను.

దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పోయాం. అమ్మ దానికి ఒప్పుకోవడానికి కారణం అక్కడ తనను ఎవరూ ఎరగరన్న నమ్మకం. గోడ మీద నాణ్యమైన వైద్యం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను ఇలాంటి రాతలను తేలిగ్గా నమ్మను. మా ల్యాబుకూ నాణ్యత సర్టిఫికెట్టు ఒకటి ఉంది. తనిఖీకి వచ్చే రోజు మేమందరం తెల్లకోట్లు ఉతికి వేసుకుంటాం, ఆ సాయంత్రం మడిచి లోపల పెడతాం.

డాక్టరు చిన్నమ్మాయి. అమ్మ పాదం చూసి ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది. రక్తం తీయించింది. పుండు కడుగుతూ మామూలుగా, వంట గురించి మాట్లాడుతున్నట్టు అడిగింది.

"అమ్మా, మాత్రలు ఎక్కువగా ఏ పూట తప్పిపోతుంటాయి?"

వేసుకుంటున్నావా అని అడిగి ఉంటే అమ్మ వేసుకుంటున్నానని చెప్పేది. ఆ జవాబు ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ ప్రశ్నకు మాత్రం తయారై రాలేదు. ఇందులో తప్పిపోవడమన్నది అప్పుడే జరిగిపోయింది. ఏ పూట అన్నదే తేలాలి.

"మద్దేన్నం" అంది అమ్మ. తర్వాత, "పొద్దున కూడా" అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మాత్ర వేసుకుంటే తల తిరుగుతుందట, చెమటలు పడతాయట, మిషను ముందు కూర్చుంటే గుడ్డ రెండుగా కనపడుతుందట. ఒకసారి సూది వేలి మీదికి వచ్చిందట. పని పోతుందని మానేసిందట. ఇదంతా ఏళ్ల సంగతి. నేను అక్కడే నిలబడి మొదటిసారి విన్నాను. నేనూ ఇన్నాళ్లూ అడిగింది వేసుకుంటున్నావా లేదా అనే.

"అట్లయితే ఆ మాత్ర మీకు పడలేదమ్మా. మారుస్తాం" అంది డాక్టరు. "మీరు మానేసింది సరిగ్గానే తెలుసుకుని మానేసినారు. ఎవరికన్నా చెప్పి ఉంటే బాగుండేది."

తిట్టు లేదు. అమ్మ దానికోసం ఎదురుచూసి, రాకపోయేసరికి నావైపు వంగి మెల్లగా అంది: "ఈ పిల్ల డాక్టరేనా మే?"

ఆపరేషన్‌కు మమ్మల్ని నెల్లూరు పంపాలని ఆ అమ్మాయి అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేసింది. మా ముందే చేసింది. ఎవరు వస్తున్నారు, పాదం ఎలా ఉంది, ఏ మందులు ఇచ్చాను, ఏ మాత్ర ఈమెకు పడదు, అన్నీ చెప్పింది. చీటీ చేతికిచ్చి పంపేస్తే అక్కడ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి, అమ్మ మళ్లీ అంతా బాగుందని మొదలుపెడుతుంది. మేం నెల్లూరులో దిగేసరికి వాళ్లకు మా సంగతి తెలుసు. నాకు అంతకంటే గొప్ప వైద్యం ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఒకరు చెప్పింది రెండోవాళ్లు విన్నారు. మా ఇంట్లో కూడా అది అంత సులభంగా జరగదు.

నెల్లూరులో ప్రైవేటు ఆసుపత్రే, ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద చేర్చుకున్నారు. సర్జన్ చూసి, తెరిచి చూస్తే గానీ చెప్పలేమన్నాడు. వేళ్లతో పోవచ్చు, మడమ దాకా పోవచ్చు, ఇంకా పైకి పాకి ఉంటే మోకాలి కింద తీయాల్సి రావచ్చు. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది: "తొక్కేదానికి ఉంటాదా సార్?" ఆయనకు అర్థం కాలేదు. మిషను సంగతి నేను చెప్పాను.

మర్నాడు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఆ డాక్టరమ్మ ఫోన్ చేసి మూడు నెలల పరీక్ష ఫలితం చెప్పింది. చాలా ఎక్కువ. అది అమ్మకు చెబితే మొదట నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది.

"నేను ఇచ్చింది ఆ రోజు రక్తం గదా. దాంట్లో అంతకుముందు సంగతులు వాళ్లకెట్టా తెలిసినాయి?"

"రక్తంలో ఉండిపోతుందమ్మా."

"అడక్కుండా వెనకటివన్నీ చూసేదేంది మే? న్యాయమా ఇది?"

ఆపరేషన్‌లో రెండు వేళ్లు తీసేశారు, వాటి కింద కొంత పాదం కూడా. మిగతాది నిలబడింది. సర్జన్ బయటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఇంకొక వారం ఆలస్యమై ఉంటే ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు అన్నాడు. ఒక్క వారం. అమ్మ కాకరకాయలకు అడిగిన గడువు.

మా సంఘం అయ్యగారు చూడ్డానికి వచ్చారు. అమ్మ ఆయనను చూసి ఏడ్చింది. ఆపరేషన్‌కు కూడా ఏడవని మనిషి. "సంఘంలో అబద్ధం జెప్పినట్టయింది అయ్యగారూ. దేవుడి మాట పోగొట్టినా." ఆయన తెచ్చిన బత్తాయిల సంచిని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, "దేవుడి మాట సంగతి ఆయన జూసుకుంటాడు లేమ్మా. నీ కాలి సంగతి నువ్వు జూసుకో" అన్నారు. నాకు ఆయన ప్రసంగాలన్నింటిలోకెల్లా అదే నచ్చింది. బత్తాయిలు నర్సు తీసుకుపోయింది.

ఇంటికి పంపించే రోజు బిల్లుల కౌంటరు పక్కన ఒక అమ్మాయి పలకంత ట్యాబు తెర ఒకటి పట్టుకుని నిలబడి ఉంది. దాని మీద వరసగా బొమ్మ మొహాలు. ఒక చివర ఏడుస్తున్నది, ఇంకో చివర పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నది. ఆసుపత్రి ఎలా ఉందో ప్రశ్న ప్రశ్నకూ ఒక మొహాన్ని నొక్కాలి. అమ్మను వీల్‌చెయిర్‌లో తెచ్చి దాని ముందు పెట్టారు.

"ఇది ఎవురు చూస్తారు?" అని అడిగింది అమ్మ.

"మా పైవాళ్లు చూస్తారమ్మా."

అంతే, అమ్మ అన్నిటికీ పళ్ల మొహమే నొక్కింది. నొప్పిని బాగా తగ్గించారా అన్నదానికీ అదే. ఆపరేషన్ అయిన పూట నొప్పి ఇంజెక్షన్ ఇవ్వడం ఎవరో మరిచిపోయి, కోత మొద్దుబారని మేర దాకా పోయిందేమో, ఆమె పళ్లు బిగపట్టుకుని పడుకుని ఉంటే నేను వార్డంతా తిరిగి నర్సును పట్టుకొచ్చాను. "అమ్మా, ఆ రోజు?" అన్నాను. "ఊరుకో మే. పాపం, ఎవురికో మాటొస్తాది" అంది. అక్కడినుంచి మేం కదిలాక నేను వెనక్కి తిరిగి చూశాను. మా వెనక వీల్‌చెయిర్‌లో ఉన్న పెద్దాయన కూడా, తల చుట్టూ కట్టుతో, నవ్వు మొహాన్నే నొక్కుతున్నాడు. ఆ ఆసుపత్రిలో ఇక ఏ లోపమూ ఎవరికీ ఎప్పటికీ కనపడదు. తూము దగ్గరి నీళ్లతో నిండిపోయింది ఆ తెర.

మిషనుకు మోటారు పెట్టించాం. పుండు మానడానికి నెలలు పట్టింది. ఆ డాక్టరమ్మ దగ్గరికి కట్టు మార్పించుకోవడానికి పోతూ ఉన్నాం. కొత్త మాత్రతో తల తిరగడం పోయింది. అమ్మ ఒక్కోసారి పొద్దున రిపోర్టు చూసుకుని, "నిన్న పెండ్లి భోజనం దిన్నా, అందుకే" అని నా ముందే ఒప్పుకోవడం మొదలుపెట్టింది. నేను అరవకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. అంత కష్టం నాకు ఏ పనిలోనూ పడలేదు.

ఒకరోజు ఆమే అడిగింది, గూడూరు పోదామా అని. ఎందుకన్నాను.

"ఆ సారు ఇంకా నన్నే జూపించి తిడతా ఉంటాడేమో. ఆపాల గదా."

ఆ మాట నాకు తట్టనే లేదు. ఎక్కడో ఎవరో ఇప్పటికీ మా అమ్మ పేరుతో తిట్లు తింటూ ఉండొచ్చు. పోయాం.

బయట బెంచీల మీద పాతవాళ్లు కొందరు ఉన్నారు. అమ్మను చూసి జరిగి చోటిచ్చారు. పక్కన కొత్తావిడ ఒకామె వంగి, "నువ్వేనంట గదక్కా షుగరు తగ్గించుకునింది. ఏం దింటావు, కాస్త చెప్పవా?" అంది. అమ్మ చెప్పు తీసి, మేజోడు కూడా తీసి, పాదాన్ని ఎదురుగా ఉన్న బెంచీ అంచు మీద పెట్టింది. "ఇట్టా తగ్గించుకున్నా" అంది. అడిగినామె వెనక్కి జరిగింది. లోపల తిట్లు మాత్రం వినపడుతూనే ఉన్నాయి.

మా వంతు వచ్చింది. అమ్మను చూడగానే డాక్టరు మొహం విప్పారింది. "రామ్మా రా! ఇన్నాళ్లూ యాడికి పోయినావు? నీ గురించే చెప్తుండా వీళ్లకు" అన్నాడు. అమ్మ కూర్చోలేదు. పాదం చూపించింది. ఆయన చూశాడు. తర్వాత అమ్మ మొహం చూశాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. బయటివాళ్లు కూడా ఆశ్చర్యపడి ఉంటారు.

"నా దగ్గరికెందుకు రాలేదమ్మా?" అన్నాడు. ఆ గొంతు తలుపు దాటి ఉండదు.

"మీకు కష్టంగా ఉంటాదని సార్. నన్ను జూస్తే అంత సంతోషపడేవాళ్లు."

ఆయన లేచి బల్ల ఇవతలికి వచ్చి, రోగి కూర్చునే స్టూలు మీద తను కూర్చుని, ఆమెను తన కుర్చీలో కూర్చోమన్నాడు. అమ్మ భయపడి అంచు మీద కూర్చుంది. "ఆ కాలు కూడా ఇట్ట పెట్టమ్మా" అని ఎడమ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమె కాళ్లు చూడటం అదే మొదటిసారి. పెన్ను మూతతో అరికాలు మీద మెల్లగా నొక్కాడు.

"తెలుస్తోందా?"

అమ్మ నావైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. తేటనీళ్ల సీసా అందించబోయే ముందు మా ల్యాబులో రైతుల మొహం సరిగ్గా అలాగే ఉంటుంది. తెలుస్తోంది సార్ అనే మాట ఆమె నోటిదాకా వచ్చి ఉంటుంది. నెల్లూరులో ఇదే పాదాన్ని నొక్కి అడిగినప్పుడు అదే చెప్పింది. ఇంటి దగ్గర నేను అడిగినప్పుడల్లా కూడా అదే చెప్పింది. బాగా తెలుస్తోంది, గిల్లి చూడు మే, అని నవ్వింది కూడా.

ఆయన మళ్లీ నొక్కాడు. ఈసారి ఏమీ అడగలేదు, తల వంచుకునే ఉన్నాడు.

"లేదు సార్" అంది అమ్మ. "ఈ కాలు గూడా తెలీదు. శానా నాళ్లయింది."

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆయన తలెత్తి ఏదో అనబోయాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, ముందు తను చెప్పాల్సింది చెప్పనివ్వమన్నట్టు.

"దీని సంగతి ముందే చెప్తుండా సార్. ఈ కాలన్నా ఉండనీండి."